ఒక్క నెగటివ్ కూడా తారుమారు కాలేదు

నేను మొదట ఉద్యోగం చేసిన ఆఫీసు అఫ్జల్‌గంజ్‌లో ఒక మందుల గోదాము మీద ఉండేది. ఆఫీసంటే రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, రెండు ఫోన్లు, నా కంప్యూటరు. వెనక గదిలో డాక్టరుగారి కుర్చీ, ఒక పాత ఫ్రిజ్, రక్తదాన శిబిరాలకు తీసుకెళ్లే మడతమంచాలు. కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే కింద గోదాములోంచి టింక్చర్ వాసన. ఏది నయమో గాలిని బట్టి రోజుకోసారి తేల్చుకునేవాళ్లం.

మాది రక్తదాతల సంఘం. మా దగ్గర రక్తం ఉండేది కాదు, రక్తం ఇచ్చేవాళ్ల వివరాలు ఉండేవి. పాతబస్తీలో తలసీమియా పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే మొహం పాలిపోతుంది, మెట్టు కూడా ఎక్కలేరు. అది కాక కాన్పు కేసులు, రోడ్డు ప్రమాదాలు. ఆసుపత్రి నుంచి ఫోను వస్తే, ఆ గ్రూపు మనిషి దగ్గర్లో ఎవరున్నారో వెతికి, పిలిచి, పంపించడం మా పని.

ఆ సంఘాన్ని నిలబెట్టింది ఒక డాక్టరమ్మ. సర్కారు దవాఖానాలో పనిచేసి రిటైరయ్యారు. చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆపా అనేవాళ్లు, అంటే అక్క. ఆమె తెలుగులో సగం దక్కనీ ఉండేది, దక్కనీలో సగం తెలుగు. సంఘానికి అధ్యక్షుడు కంచన్‌బాగ్‌లో లోహాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన కోస్తా జిల్లా ఆయన. మేం పెద్దసార్ అనేవాళ్లం. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, మాటలో ఎప్పుడూ ఒక తేదీ ఉండేవి. ఏ పనైనా ఫలానా రోజుకి అయిపోవాలంటారు, అయ్యేదాకా వదలరు.

నేను కార్వాన్‌లో పుట్టి పెరిగాను. మాది పాడి ఇల్లు. తెల్లవారకముందే బర్రెల దగ్గర బాపు గొంతు వినిపించేది, తర్వాత పాలక్యాన్ల చప్పుడు. డిగ్రీ అయ్యాక కంప్యూటరు కోర్సు చేసి, తొంభైల చివర్లో ఆ సంఘంలో చేరాను. శిబిరాల్లో దాతలు నింపిన కార్డులు చూసి పేరు, పేట, ఫోను నంబరు, గ్రూపు కంప్యూటరులోకి ఎక్కించడం నా పని. కార్డులు ఎవరెవరో నింపేవాళ్లు. కాలేజీ పిల్లలు ఒకరకంగా రాస్తే నర్సులు ఇంకోరకంగా రాసేవాళ్లు. ఒక వానాకాలం వెనక గది కప్పు కారి, ఆ కార్డులన్నీ ముద్దయిపోయాయి. అప్పటినుంచి ఏమున్నా కంప్యూటరులో ఉన్నదే.

తర్వాత రెండు వేల సంవత్సరం దాటిన రోజుల్లో, మాదాపూర్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే ఇంజనీరు ఒకతను మా శిబిరంలో రక్తమిచ్చి వెళ్తూ, "మీ వివరాలకి ఒక వెబ్‌సైట్ చేసిపెడతానండీ. ఆసుపత్రుల వాళ్లు వాళ్ల దగ్గర్నుంచే చూసుకుంటారు, కొత్త దాతల్ని వాళ్లే ఎక్కిస్తారు" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. సెలవురోజుల్లో వచ్చి సైటు చేశాడు. డేటాబేస్‌ని ప్రశ్నలెలా అడగాలో నాకు నేర్పింది అతనే. నా కంటే కొంచెం పెద్దవాడు, అన్నా అని పిలిచేదాన్ని.

ఆ సైటు రెండేళ్లు చక్కగా నడిచింది. ఒక్కటే ఇబ్బంది. ఒకసారి రక్తమిచ్చిన మనిషి మళ్లీ ఇవ్వడానికి మూడు నెలలు ఆగాలి. ఎవరు ఎప్పుడిచ్చారో సైటులో రాసే చోటు లేదు. ఇచ్చిన వారానికే మళ్లీ ఫోను చేస్తే దాతలు విసుక్కునేవాళ్లు. ఒకాయన, "అమ్మా, నాది రక్తమా, నల్లా నీళ్లా?" అనే అడిగాడు. అందుకని కొత్త వెర్షన్ చేయాలనుకున్నాం. అందులో చివరిసారి ఇచ్చిన తేదీ ఉంటుంది, పేట పేరుతో వెతకొచ్చు, గ్రూపును కూడా రెండు భాగాలు చేసి ఏ, బీ, ఓ ఒక గడిలో, పాజిటివో నెగటివో ఇంకో గడిలో పెడతారు.

ఇంజనీరు కొన్ని నెలలు కష్టపడి తయారుచేశాడు. పెద్దసార్ వెంటనే తేదీ పెట్టేశారు. నెలాఖరున పెద్ద శిబిరం ఉంది, దానికి వచ్చే పెద్దమనుషుల ముందు కొత్త సైటు తెరవాలన్నారు. ఆహ్వాన పత్రికలు కూడా అచ్చుకు ఇచ్చేశారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఇంజనీరు కొత్త వెర్షన్ సీడీలో తెచ్చి, మా దగ్గరున్న రెండో కంప్యూటరులో పెట్టి చూపించాడు. అసలు సైటు నడిచే సర్వరు ఎక్కడో ఉంది, దాన్ని ముట్టుకోలేదు. దానిలోని డేటాకి ఒక కాపీ తీసి, కొత్త వెర్షన్‌లోకి ఎక్కించాడు. రంగులు బాగున్నాయి, వెతికితే చకచకా వస్తోంది. ఆపా చేతులు కట్టుకుని వెనక నిలబడి, "మస్తుంది మియా, మస్తుంది" అన్నారు.

"పాత దాంట్లో ఎంతమంది ఉన్నారో కొత్త దాంట్లోనూ అంతమందే ఉన్నారండీ. లెక్క సరిపోయింది. ఒక్క పేరు కూడా పోలేదు" అన్నాడు ఇంజనీరు సంతోషంగా.

నాకు ఒక అలవాటుంది. కొత్త పెన్ను కొంటే నా పేరు రాసి చూస్తాను, కొత్త ఫోను వస్తే మా ఇంటికి చేస్తాను. అలాగే ఆ రోజు మా బాపు పేరు కొట్టాను. మా బాపుది బీ నెగటివ్. అరుదైన గ్రూపని తెలిసినప్పటినుంచి ఆయనకది ఒక బిరుదులాగా ఉండేది. దవాఖానా నుంచి పిలుపొస్తే పాలక్యాన్లు సైకిలు మీదినుంచి దించేసి పోయేవాడు.

తెర మీద బాపు పేరు వచ్చింది, కార్వాన్ వచ్చింది, ఫోను నంబరు వచ్చింది. గ్రూపు దగ్గర బీ, దాని పక్కన పాజిటివ్.

"అన్నా, ఇది తప్పు. మా బాపుది నెగటివ్" అన్నాను.

"పాతదాంట్లోనే అలా ఉందేమో చూడండి."

పాత సైటు తెరిచాను. అక్కడ నేను ఎక్కించినట్టే ఉంది, బీ అక్షరం, పక్కన ఇంగ్లిషులో 'నెగ్' అని. ఇంజనీరు కుర్చీ దగ్గరికి లాక్కుని తను రాసిన ప్రోగ్రాం తెరిచాడు. రెండు నిమిషాల్లో అతనికే దొరికింది. గ్రూపు చివర మైనస్ గుర్తు ఉంటే నెగటివ్ అని, లేకపోతే పాజిటివ్ అని రాసుకోమని ప్రోగ్రాంకి చెప్పాడు. మా పాత వివరాల్లో కొందరికి మైనస్ గుర్తుంది, కొందరికి 'నెగ్' ఉంది, కొందరికి పూర్తిగా 'నెగటివ్' అని ఉంది, కొందరికి మైనస్ తర్వాత ఇంకేవో అక్షరాలున్నాయి, కొందరికి అసలేమీ లేదు. మైనస్‌తో ముగిసినవాళ్లు తప్ప మిగతావాళ్లంతా పాజిటివ్ అయిపోయారు.

"పేర్లన్నీ ఉన్నాయని నేను లెక్క చూశాను గానీ..." అని ఆగిపోయాడతను.

"పేర్లున్నయన్నా. మనుషులే మారిన్రు" అన్నాను.

ఆపాకి మొదట అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తర్వాత అన్నారు, "చూడు బేటా. ఎక్కించే ముంగట దవాఖానావాళ్లు ఎట్లన్నా టెస్టు చేస్తరు, తప్పు రక్తం ఎక్కదు. గాని బీ నెగటివ్ కావాలని ఎవరో తల్లి ఏడుస్కుంట ఫోన్ చేస్తే మన సైటు లేరు అంటది. ఉన్న మనిషి లేకుంట పోతడు. అది నక్కో, వద్దు. అది నాకు అసలు నక్కో."

ఇంజనీరు ఆ ఒక్క వరుస సరిచేస్తే చాలనుకున్నాడు. నాకు అంత తొందరగా ధైర్యం చాలలేదు. కొత్త వెర్షన్ ఎక్కించే ఫైలు మొత్తం మొదటినుంచి చదివి చెప్పమన్నాను. అది మొదట చేసే పని పాత టేబుళ్లు, అంటే వివరాలుండే పట్టికలు, తీసెయ్యడం. తీసేసి, కొత్తవి కట్టి, పక్కన పెట్టుకున్న కాపీలోంచి నింపుతుంది.

"ఈ కాపీ ఇయ్యాల తీసినం కద. రేపు దవాఖానల నుంచి కొత్తోళ్లను ఎక్కిస్తరు. నెలాఖరుకు ఇదే కాపీతోని నింపితే నడుమ వచ్చినోళ్ల సంగతి ఏంది?" అని అడిగాను.

"ఆ రోజు కొత్త కాపీ తీస్తానండీ."

"తీసెటప్పుడు ఎవరన్న ఎక్కిస్తుంటే?"

అతను నావైపు చూసి నవ్వాడు. వెక్కిరింపు కాదది. "మీరు పక్కన లేకుండా నేనీ పని చెయ్యను" అన్నాడు. కంపెనీలో పెద్ద చదువులు చదివిన మనిషి. అహం పెట్టుకోకుండా ఆ మాట అనగలిగాడు కాబట్టే పని నడిచింది. ఆ రోజు సాయంత్రం ఇరానీ చాయ్ తాగుతూ ఒక తీర్మానం చేసుకున్నాం. పాతదాన్ని తీసెయ్యకూడదు. పాత టేబుల్ పక్కనే కొత్త గడులు కలపాలి. పాత గ్రూపు ఎలా రాసి ఉందో అలాగే ఉంచాలి, దాన్ని చూసి కొత్త గడి నింపాలి. ఎలా చదవాలో తెలియని చోట పాజిటివ్ అని కాదు, తెలియదు అని రాయాలి.

మిగిలింది పెద్దసార్‌తో మాట్లాడటం.

సోమవారం ఆయన వచ్చీ రాగానే చెప్పాం. నెలాఖరుకు కాదని, ఇంకో నెల పడుతుందని. ఆయన మొహం ఎర్రబడింది.

"అమ్మాయ్, పిలవాల్సినవాళ్లని పిలిచాను. పత్రికలు అచ్చయ్యాయి. ఇప్పుడు ఆపమంటే ఏం చెప్పను? తప్పులుంటే తర్వాత సరిచేసుకోండి."

"తర్వాత సరిచెయ్యరాదు సార్. పాత రాత పోతే ఏది తప్పో ఏది ఒప్పో మనకు తెలువది. కార్డులు కూడ లేవు" అన్నాను. అంతవరకు ఆయనకి ఎదురు చెప్పింది లేదు.

"లెక్క సరిపోయిందన్నాడుగా ఈ అబ్బాయి?"

ఇంజనీరు నోరు తెరవబోతుంటే నేనే అడిగాను. "సార్, మీ ఫ్యాక్టరీల లోహం కరిగించి పోసెటప్పుడు బరువు సరిపోతే చాలా? బయటికి పంపిస్తరా?"

ఆయన కిటికీవైపు తిరిగారు. ఎండకు కిటికీ రెక్క సగం మూసి ఉంది. కింద గోదాములో పెట్టెలు దించుతున్న హమాలీల కేకలు వినిపిస్తున్నాయి.

"చాలదు" అన్నారు చివరికి. "ప్రతి పోతలోంచి ఒక ముక్క తీసి పరీక్షకి పంపుతాం. అందులో ఏది ఎంత కలిసిందో తేలేదాకా సరుకు కదలదు. ఒక ముక్క దాచి ఉంచుతాం కూడా, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి." తర్వాత జేబులోంచి పెన్ను తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకుని, "పత్రికల సంగతి నేను చూసుకుంటా. శిబిరం మామూలుగానే జరుగుతుంది. మీరు ముందు చిన్న కొలిమిలో కరిగించి చూడండి" అన్నారు.

ఆ తర్వాత మేం చేసిన పనికి ఆ పేరే నిలిచిపోయింది. రెండో కంప్యూటరులో కాపీ మీద చేసే ప్రయత్నాన్ని చిన్న కొలిమి అనేవాళ్లం. గ్రూపును ఎన్ని రకాలుగా రాశామో డేటాబేస్‌నే అడిగాను. ఎన్ని వంకరలు తిరిగాయో చూసి ఆపా నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. ఒక్కొక్క రాతకి ఏది అర్థమో ఆమె చెప్తే నేను రాసుకున్నాను, ఇంజనీరు ప్రోగ్రాంలో పెట్టాడు. కాపీ మీద నడిపి చూడటం, తప్పు దొరికితే ఆ కాపీ పారేసి కొత్త కాపీతో మొదలుపెట్టడం. మొదటిసారి ఏబీ గ్రూపువాళ్లు బీలో పడ్డారు. ఇంకోసారి ఓ అక్షరానికి బదులు సున్నా కొట్టినవాళ్లు ఎందులోనూ పడకుండా మిగిలిపోయారు. కొలిమి కదా, పారబోయడానికి బాధ లేదు.

గ్రూపు పక్కన ఏ గుర్తూ లేనివాళ్లకి మాత్రం ప్రోగ్రాం ఏమీ చెయ్యలేదు. వాళ్లకి నేను ఫోన్లు చేశాను. ఆ నెలంతా పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అదే పని. తెలుగువాళ్లతో తెలుగు, ఉర్దూవాళ్లతో నా కార్వాన్ ఉర్దూ.

"మీ బ్లడ్ గ్రూపు ఒకసారి చెప్తరా అన్నా?"

"నాలుగేండ్ల కింద చెప్పిన కదమ్మా! మారిందా ఏంది?"

"మారలేదన్నా. మా దగ్గర సగమే రాసున్నది."

"గట్లయితే సగం రక్తమే ఇస్త మల్ల" అని నవ్వేవాళ్లు కొందరు. గుర్తులేనివాళ్లని దగ్గర్లో జరిగే శిబిరానికి రమ్మనేదాన్ని, ఆపా మళ్లీ పరీక్ష చేసేవారు.

ఒక ఇంట్లో ఆడమనిషి ఎత్తింది. ఆయన పోయి ఏడాదైందని చెప్పింది. నేను క్షమించమని చెప్పి పెట్టెయ్యబోతే, "బిడ్డా, ఆయన పేరు తీసేస్తరా మరి?" అని అడిగింది. ఆ అడగడంలో ఏముందో నాకు చటుక్కున అర్థమైంది. తీసెయ్యమమ్మా అన్నాను. ఫోను పెట్టేశాక ఆపాతో చెబితే, ఆమె ఇంజనీరుని పిలిచి, పోయినవాళ్లనీ ఊరు మారినవాళ్లనీ చెరిపెయ్యకుండా, పిలవకూడదు అని ఒక గుర్తు పెట్టే ఏర్పాటు చెయ్యమన్నారు. వాళ్లిచ్చిన రక్తం ఎవరి ఒంట్లోనో తిరుగుతోంది, వాళ్ల పేరు ఉండాలి అన్నారు. ఆ గడి కూడా కొత్త వెర్షన్‌లో చేరింది.

ఇంట్లో బాపు నా ఫోన్ల సంగతి విని చాలా గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున పాలు పోస్తూ పక్కింటావిడతో, "మా బిడ్డ మంది రక్తమంత కంప్యూటర్ల భద్రంగ పెడుతున్నది" అంటున్నాడు.

"కంప్యూటర్ల రక్తమెట్ల పెడతరే?" అందావిడ.

"గదే కద చదువంటే" అన్నాడు బాపు, క్యాను మూత బిగిస్తూ. నేను లోపలినుంచి విని నవ్వాపుకోలేకపోయాను. సరిచెయ్యాలనీ అనిపించలేదు.

అసలు మార్పు ఒక శుక్రవారం పొద్దున పెట్టుకున్నాం. ఆ రోజు మావైపు దుకాణాలు సగం మూసి ఉంటాయి, ఆసుపత్రుల నుంచి కొత్త పేర్లు ఎక్కించేవాళ్లూ తక్కువ. ముందురోజే అందరికీ ఫోన్లు చేసి, రేపు మధ్యాహ్నం దాకా సైటులో వెతుక్కోవచ్చు గానీ కొత్తవి రాయడం కుదరదని చెప్పాను. పాత సైటుని ఇంజనీరు అలాగే కట్టడి చేశాడు.

ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పెద్దసార్ తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నారు, ఆపా నిలబడే ఉన్నారు. మొదట సర్వరులోని డేటా మొత్తానికి కాపీ తీశాం. తీసి ఊరుకోలేదు. దాన్ని రెండో కంప్యూటరులో ఎక్కించి, తెరిచి, మనుషుల పేర్లు కొట్టి చూశాను. తెరుచుకోని కాపీని నమ్ముకుంటే కొంప మునుగుతుందని అప్పటికి నాకు బాగా తెలుసు. బాగుందన్నాకనే ఇంజనీరు అసలు సర్వరు మీద పని మొదలుపెట్టాడు. కొత్త గడులు చేరాయి. వాటిని నింపే ప్రోగ్రాం నడవడం మొదలైంది.

అప్పుడే ఒక ఫోను మోగింది. కాన్పుల దవాఖానా నుంచి నర్సు. తల్లికి రక్తం ఆగట్లేదు, బీ నెగటివ్ కావాలి, వెంటనే. మా బాపు అంతకుముందు నెలే ఇచ్చాడు, ఆయన్ని పిలవడానికి లేదు.

సైటు మూసేసి ఉంటే ఏం చేసేవాళ్లమో తెలియదు. వెతకడానికి తెరిచే ఉంచాం కాబట్టి, రెండో కంప్యూటరు అక్కర్లేకుండా పాత తెర మీదే పేర్లు దొరికాయి. మొదటి నంబరు ఎత్తలేదు. రెండోది పురానాపూల్ దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే ఆయనది.

"భాయ్, బీ నెగటివ్ కావాలె. కాన్పు కేసు" అన్నాను.

"నమాజుకు టైముంది, పోయొస్త. ఎక్కడికి రావాలె చెప్పండి" అన్నాడాయన. అంతే. ఇంకేమీ అడగలేదు.

నేను ఆ ఫోను పెట్టి తిరిగి చూసేసరికి ఇంజనీరు తెరవైపు వేలు చూపిస్తున్నాడు. ఇంటర్నెట్ తెగిపోయింది. రెండు ఫోను లైన్లలో ఒకదాని మీదే మా ఇంటర్నెట్ నడిచేది, ఎక్కడో తీగ కదిలి లైను పోయింది. ప్రోగ్రాం మధ్యలో ఉంది. కొందరి గడులు నిండాయి, కొందరివి నిండలేదు, ఎవరిదాకా వచ్చిందో తెలియదు.

"లొల్లి అయిందా?" అని అడిగారు ఆపా.

"లేదు ఆపా" అన్నాను. ఆ మాట ధైర్యం కోసం చెప్పింది కాదు. చిన్న కొలిమిలో ఇది కూడా చేసి చూశాం. ఇలా మధ్యలో ఆగితే ఎట్లా అని నేనడిగితే, ఇంజనీరు ప్రోగ్రాంని మార్చాడు. గడి ఖాళీగా ఉంటేనే రాస్తుంది, నిండి ఉంటే ముట్టుకోదు. కాబట్టి ఎన్నిసార్లు మొదటినుంచి నడిపినా నష్టం లేదు. ఒకరోజు కావాలనే నేను రెండో కంప్యూటరు కరెంటు తీగ పీకేసి, మళ్లీ నడిపించి చూసుకున్నాను.

"మల్ల నడుపు అన్నా" అన్నాను.

అతను లైను కలిసేదాకా ఆగి, మళ్లీ నడిపాడు. మిగిలిన గడులు నిండుకుంటూ పోయాయి, నిండినవి నిండినట్టే ఉన్నాయి. పెద్దసార్ కుర్చీలోంచి లేచి వచ్చి మా ఇద్దరి వెనక నిలబడ్డారు.

తర్వాత సరిచూడటం. పేర్ల లెక్క ఒక్కటే కాదు. పాత రాతలు ఎన్ని రకాలున్నాయో అన్నీ ఒక పక్క, వాటికి కొత్త గడిలో ఏం వచ్చిందో ఇంకో పక్క తెర మీదికి తెచ్చాను. ఆపా నా పక్కన కూర్చుని ఒక్కొక్కటి వేలితో చూపిస్తూ చదివారు. 'నెగ్' ఎదురుగా నెగటివ్. మైనస్ ఎదురుగా నెగటివ్. సున్నా కొట్టిన చోట ఓ. ఏ గుర్తూ లేక, ఫోనుకి దొరకనివాళ్లు కొద్దిమంది. వాళ్ల ఎదురుగా తెలియదు అనే ఉంది. ఆ 'తెలియదు' చూసినప్పుడే ఆపా ఎక్కువ సంతోషపడ్డారు. "ఇది ఇమాన్‌దారీ, నిజాయితీ" అన్నారు.

అన్నీ చూశాక కొత్త సైటు తెరిచాం. మొదటి పని, కాన్పుల దవాఖానాకి ఫోను. రక్తం అందిందని, తల్లి కుదుటపడుతోందని నర్సు చెప్పింది. నేను కొత్త తెర మీద ఆ మిషన్ల భాయ్ పేరు తీసి, చివరిసారి ఇచ్చిన తేదీ అన్న గడిలో ఆ రోజు తేదీ రాశాను. కొత్త వెర్షన్‌లో నేను రాసిన మొదటి వివరం అదే. ఇంక మూడు నెలలు ఆయన్ని ఎవరూ పిలవరు.

పెద్దసార్ అప్పటికి నోరు విప్పారు. "మా ఫ్యాక్టరీలో నీలాంటిది ఉంటే క్వాలిటీ విభాగానికి పంపించేవాణ్ణమ్మాయ్" అన్నారు. ఆయన నోట నేను విన్న పెద్ద మెచ్చుకోలు అది. ఆ మధ్యాహ్నం ఆయన డబ్బాలోంచి పులిహోర, ఆపా ఇంటినుంచి వచ్చిన దమ్ కా రోట్ తీపి బిస్కత్తులు, నలుగురం పంచుకుని తిన్నాం.

ఆ తర్వాత ఆ సైటు చాలాసార్లు మారింది. సర్వరు మారింది, రంగులు మారాయి, మొబైల్ ఫోన్లకి మెసేజులు పంపడం వచ్చింది. ప్రతిసారీ ముందు చిన్న కొలిమి, తర్వాతే అసలు పని. మారిన ప్రతిసారీ దాతల వివరాలు ఎలా ఉన్నవి అలాగే కొత్త ఇంట్లోకి వచ్చాయి. నా చేతుల మీదుగా ఒక్క నెగటివ్ కూడా పాజిటివ్ కాలేదని ఇప్పటికీ గట్టిగా చెప్పగలను.

ఆ మొదటి మార్పు జరిగిన మరుసటి ఏడాది ఇంజనీరు ఫోను చేసి, "మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకి మీరొచ్చి ఒక గంట చెప్పాలండీ" అన్నాడు.

"నేనా? నాకు ఇంగ్లిష్ల మాట్లాడరాదన్నా."

"తెలుగులోనే చెప్పండి. అక్కడున్నవాళ్లలో సగంమందికి అదే బాగా అర్థమవుతుంది."

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి, ఊరు ఈ కొసనుంచి ఆ కొసకి వెళ్లాను. అద్దాల మేడ, చల్లటి గది, నా కంటే చిన్నవాళ్లు వరసగా కూర్చున్నారు. ఇంజనీరు నన్ను పరిచయం చేస్తూ, "డేటా ఎలా కాపాడాలో నేను ఈవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను" అన్నాడు. అతను నేర్పితేనే నేను డేటాబేస్ ముట్టుకున్నాను. ఆ సంగతి చెప్పబోతే చేత్తో వారించాడు.

నేను లేచి నిలబడి, మా ఆఫీసు సంగతి, కాన్పుల దవాఖానా సంగతి, మధ్యలో లైను తెగిన సంగతి నాకొచ్చిన భాషలో చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి చెయ్యెత్తి, "కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు ఏం చూసుకోవాలి మేడం?" అని అడిగింది.

"మీరు ముట్టుకునేది ఎవరి సంగతో వాళ్లను ఒకసారి యాది చేసుకోండి. లెక్క తర్వాత చూడొచ్చు" అన్నాను.

వాళ్లు చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో ఎక్కడా సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని అఫ్జల్‌గంజ్ దాకా నిలబడే వచ్చాను. కాళ్ల నొప్పులు మర్నాటిదాకా తెలియలేదు.